మళ్లీ ఎప్పుడు వెళ్దాం?

గాలాలు భుజాన వేసుకుని సముద్రం నుంచి వస్తున్నవాళ్లను వీధిలో ఎవరైనా అడిగే మొదటి మాట, "ఎన్ని పడ్డాయేంటి?" సరదాకి స్నేహితులతో, ఇంటిల్లిపాదితో వెళ్లినవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు. చేపే కావాలంటే గాలం దేనికి? తెల్లారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తే వంజరం, చందువా, కానాగంతలు బుట్టలకొద్దీ దిగుతుంటాయి. నాలుగు మాటలు బేరమాడి రెండు కిలోలు తెచ్చుకోవచ్చు. రాడ్డుకీ, రీలుకీ, ఎరకీ, పెట్రోలుకీ అయ్యే ఖర్చు చూస్తే అదే చవక.

మరి సెలవునాడు నిద్ర చెడగొట్టుకుని, ఉప్పుగాలిలో, ఇసుకలో గంటల తరబడి నిలబడేది ఎందుకు? పక్కన నిలబడ్డ మనుషుల కోసం. అందుకే ఈ వేటకు అసలు కొలత ఒకటుంది. మీతో వచ్చినవాళ్లలో అందరికన్నా కొత్తవాళ్లు ఎవరో చూడండి. మీ అక్క కొడుకు కావచ్చు, మొదటిసారి గాలం పట్టిన మీ ఆవిడ కావచ్చు, హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితుడు కావచ్చు. తిరుగు ప్రయాణంలో ఆ మనిషి నోట "మళ్లీ ఎప్పుడు వెళ్దాం?" అనే మాట వచ్చిందా? వస్తే ఐస్ బాక్సు ఖాళీగా ఉన్నా వేట ఫలించినట్టే. రాకపోతే, నాలుగు కిలోల పండుగప్ప పడినా ఎక్కడో తేడా కొట్టినట్టే.

ఆ మాట రప్పించడం ఒక నేర్పు. అది అబ్బితే ఆఫీసులోనూ, ఇంట్లోనూ నలుగురిని కలుపుకుపోవడం తేలికవుతుంది. ఎలా సాధించాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

కొత్తవాళ్ల ఓపికే మీ టైం టేబుల్

అనుభవం ఉన్నవాళ్లు తమకు నచ్చినట్టు ప్లాన్ వేస్తారు. రుషికొండ దాటాక రాళ్ల మీదికెక్కి రాత్రంతా గాలం వేద్దామంటారు. వాళ్లకది స్వర్గం. ఎనిమిదేళ్ల పిల్లాడికి, మోకాళ్ల నొప్పులున్న మావయ్యకు అది శిక్ష.

మొదటి రెండు మూడు సార్లు చదునైన ఇసుక తీరం ఎంచుకోండి. విశాఖ వైపైతే భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోటు ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా, తాటిపూడి జలాశయం మీదుగా వచ్చిన ఏరు అక్కడ ఉప్పునీళ్లలో కలుస్తుంది. నడవడానికి వీలుంటుంది, టీ దొరుకుతుంది, అలిసిపోతే కూర్చోవచ్చు. మూడు గంటలు చాలు. పిల్లలు 'ఇంకాసేపు' అంటుండగానే సర్దేయండి. 'ఇంటికెప్పుడు' అనేదాకా ఆగితే వాళ్లు ఇక రారు.

ఇంకో మాట సూటిగా చెప్పుకోవాలి. మన ఇళ్లలో 'ఫ్యామిలీతో ఫిషింగ్' అంటే చాలాసార్లు జరిగేది ఇది: ఆవిడ తెల్లవారుజామున లేచి పులిహోర కలుపుతుంది, ప్లేట్లు సర్దుతుంది, పిల్లల్ని చూసుకుంటుంది. ఈయన గాలం పట్టుకుని సముద్రం వైపు చూస్తుంటాడు. ఇంటికొచ్చాక చేపలు తోమేది కూడా ఆవిడే. అలాంటప్పుడు ఆవిడ 'మళ్లీ ఎప్పుడు' అని ఎందుకు అడుగుతుంది? టిఫిన్ హోటల్లో కట్టించండి. ఆవిడ చేతికి కూడా ఒక రాడ్ ఇవ్వండి. పడిన చేపను పొలుసు తీసి, కడిగి, ముక్కలు కోసే పని పట్టినవాళ్లదేనని ముందే అనుకోండి. పొలుసు గీకడం మొదలుపెట్టాక చాలామంది మగవాళ్లకు చిన్న చేపను వదిలేయాలనే దయ పుట్టుకొస్తుంది.

సముద్రం గడియారం ఒకటి నేర్చుకోండి

వ్యక్తిత్వం గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా, ఏదో ఒక విషయం లోతుగా తెలిసిన మనిషి మాటకే విలువ. గాలం వేసేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఆటుపోట్లు.

మన తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు ఆరింటికి వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో కలుస్తుంది కాబట్టి పోటు పెద్దది, తీత కూడా పెద్దదే. అష్టమి రోజుల్లో రెండూ మందంగా ఉంటాయి.

చేపకు దీంతో పనేంటి? నీరు తీసేటప్పుడు ఏటి లోపలి చిన్న రొయ్యలు, చేపపిల్లలు ప్రవాహంతో పాటు మొగ వైపు కొట్టుకొస్తాయి. పండుగప్ప, పార లాంటి వేట చేపలు అక్కడ కాచుకుని ఉంటాయి. నీరు కదలకుండా నిలిచిన వేళ ఎంత మంచి ఎర వేసినా పలకరింపు తక్కువే. మనకు వీలైన టైముకి వెళ్లి 'చేపల్లేవు' అని నిట్టూర్చేవాళ్లు ఎక్కువ. చేపలకు వీలైన టైముకి మన పనులు సర్దుకునేవాళ్లు తక్కువ. మనుషులతో వ్యవహారంలోనూ ఇదే వరస. కొడుకుతో చదువు సంగతి మాట్లాడాలంటే మీకు ఖాళీ దొరికిన క్షణం కాదు, వాడు వినే క్షణం చూసుకోవాలి.

గాలి సంగతీ అంతే. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. అందుకే పొద్దెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి జోరందుకుంటుంది, అలలు లేస్తాయి. తెల్లవారుజామున బయల్దేరి ఎండ ముదిరేలోపు సర్దేస్తే పిల్లలకు వడదెబ్బ ఉండదు, కొత్తవాళ్లకు పడవలో కడుపు తిప్పడమూ తగ్గుతుంది. సముద్రానికి దూరంగా హైదరాబాద్‌లోనే ఉన్న 'ఇన్‌కాయిస్' సంస్థ అలల ఎత్తు, గాలి వేగం, ఉప్పెన హెచ్చరికలు రోజూ ఇస్తుంది. బయల్దేరే ముందు రాత్రి అది చూడటం ఇంట్లో ఒకరి పనిగా అప్పజెప్పండి. పదో తరగతి చదివే పిల్లకు అప్పజెబితే ఇంకా మంచిది. 'రేపు వెళ్దామా వద్దా' అని పెద్దవాళ్లంతా తన మొహం వైపు చూస్తుంటే ఆ పిల్ల భుజాలు ఎలా నిటారుగా నిలబడతాయో మీరే చూస్తారు.

తండేలు ఒక్కరే ఉండాలి

పడవ మీద వెళ్లే మత్స్యకారుల్లో పెద్దను తండేలు అంటారు. 2025లో వచ్చిన సినిమాతో ఈ పేరు ఊరూవాడా తెలిసింది. తండేలు పద్ధతి మన సరదా ప్రయాణానికీ అవసరమే. సముద్రం మీద నలుగురు నాలుగు వైపులా లాగితే కుదరదు. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు తిరగాలి అనేది ఒక్కరు చెప్పాలి. ఆ ఒక్కరూ ఎక్కువ జీతం తెచ్చేవాళ్లు కానక్కర్లేదు, వయసులో పెద్దవాళ్లు కానక్కర్లేదు. నీళ్ల సంగతి ఎక్కువ తెలిసినవాళ్లయితే చాలు. పడవ ఎక్కితే ఆ పెద్దరికం పడవ నడిపే మనిషిదే.

"ఇయ్యాల వొద్దు బాబూ, గాలి బాగోనేదు" అని జాలరి ఒడ్డునే ఆపేస్తే చాలామందికి పౌరుషం పొడుచుకొస్తుంది. 'ఇంతదూరం వచ్చాం', 'అడ్వాన్సు ఇచ్చాం', 'ఎండ కాస్తుంటే గాలేంటి' అని వాదనకు దిగుతారు. ఆయన తాత నాటి నుంచి ఆ నీళ్లనే చదువుతున్న మనిషి. మనకు కనిపించని దూరంలో నీటి రంగు మారడం ఆయనకు కనిపిస్తుంది. ఆయన మాట విని కారు వెనక్కి తిప్పి, పిల్లలతో బొరుగుల మిక్చర్ తిని ఇంటికి రాగలగడం నాయకత్వంలో మొదటి పాఠం. పెట్టిన డబ్బు పోయిందన్న బాధతో ఇంకా పెద్దది పణంగా పెట్టనివాడే నాయకుడు.

దీనికి తోడు ఇంకో నియమం పెట్టుకోండి. బృందంలో ఎవరైనా సరే, చిన్నపిల్లాడైనా సరే, 'వెనక్కి వెళ్దాం' అంటే వెళ్లిపోవడమే. ఎందుకని ఒడ్డు చేరేదాకా ఎవరూ అడగకూడదు. అడిగితే భయమేసినవాళ్లు సిగ్గుపడి నోరు మెదపరు. భయాన్ని బయటికి చెప్పుకోగల చోటికే మనుషులు మళ్లీ మళ్లీ వస్తారు.

రాడ్ లాక్కోకండి

భీమిలి ఏటి మొగ దగ్గర ఒక సాయంత్రం కనిపించిన ముచ్చట ఇది. పన్నెండేళ్ల పిల్ల చేతిలో రాడ్. మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి, చున్నీ నడుముకు బిగించి, నాలుక పంటికింద పెట్టుకుని చూస్తోంది. రాడ్ కొస రెండుసార్లు తలూపింది. మూడోసారి వంగిపోయింది. రీల్ గిర్రుమని దారం వదలడం మొదలుపెట్టింది.

"నాన్నా, పట్టింది!"

"గట్టిగా పట్టుకో... అలా కాదమ్మా... పైకి లేపు... అబ్బ, ఆగు, ఇలా తే. ఇలా తే!"

రాడ్ చేతులు మారింది. నాన్న పళ్లు బిగించి లాగాడు. ఒడ్డుకొచ్చింది పార చేప, అరచేతికి కాస్త పెద్దది, వెండి ఒళ్లు, పసుపు తోక. ఫొటో కోసం దాన్ని పిల్ల చేతిలో పెట్టారు. పిల్ల ఫోన్ వైపు చూసింది గానీ చేప వైపు చూడలేదు. ఆ తర్వాత గవ్వలు ఏరుకుంటూ దూరంగా వెళ్లిపోయింది. నాన్న రెండుసార్లు పిలిచాడు, "నువ్వే వెయ్యి నాన్నా" అంది.

చేప తప్పించుకుంటుందేమోనని ఆయన భయం. తప్పించుకుంటే ఏం పోయేది? పిల్లకు జీవితాంతం చెప్పుకోవడానికి 'నా చేతిలోంచి జారిపోయిన ఇంతెత్తు చేప' కథ మిగిలేది. ఇప్పుడు మిగిలింది నాన్న పట్టిన అరచేయంత చేప.

రీలుకు డ్రాగ్ అనే మర ఒకటి ఉంటుంది. చేప ఒక హద్దు దాటి లాగితే అది దారం వదులుతుంది. దారం తెగే బరువులో నాలుగో వంతుకో, మూడో వంతుకో దాన్ని బిగించుకోవడం అలవాటు. 10 కిలోలకు తెగే దారమైతే రెండున్నర, మూడు కిలోల లాగుడికే దారం వదలాలన్నమాట. పూర్తిగా బిగిస్తే మొదటి ఊపుకే దారం తెగుతుంది, పూర్తిగా వదిలేస్తే గాలం గుచ్చుకోదు. డ్రాగ్ ఎలా ఉండాలో బయల్దేరే ముందు, ఒడ్డునే, మీరు చూసి పెట్టండి. పెద్దవాళ్లు చేయాల్సింది అంతవరకే. చేప పడ్డాక చేతులు వెనక్కి కట్టుకోండి. అడిగితే ఒక్క మాట చెప్పండి: "అది లాగినప్పుడు లాగనీ, ఆగినప్పుడు చుట్టు." అంతకు మించి మాట్లాడితే అది సాయం కాదు, మీ ఆరాటం.

కొత్తవాళ్లకు సర్కిల్ హుక్ కట్టి ఇవ్వడం కూడా మంచి ఉపాయం. దాని మొన లోపలికి తిరిగి ఉంటుంది. చేప ఎరను తీసుకుని పక్కకు తిరిగితే చాలావరకు నోటి మూలనే పట్టుకుంటుంది. రాడ్‌ను ఎగలాగాల్సిన పనిలేదు, నిదానంగా చుట్టుకుంటే చాలు. పిల్లలు గెలుస్తారు, చేపను వదలాలన్నా గొంతులో గాయం ఉండదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడూ ఇదే సూత్రం. ముందు పనిముట్టును వాళ్లకు అనువుగా అమర్చండి, ఆపైన పక్కకు జరగండి.

దారాలు చిక్కుపడితే విచారణ వద్దు

నలుగురు పక్కపక్కన గాలాలు వేస్తే దారాలు చిక్కుపడక మానవు. ప్రవాహం ఒకరి సీసం గుండును ఇంకొకరి దారం మీదికి నెడుతుంది. అప్పుడు వినబడే మొదటి మాట, "నీదే వచ్చి నాదాని మీద పడింది." రెండో మాట, "నేను ముందే చెప్పాను." మూడోదానికి పాత బాకీలు, పెళ్లిలో జరిగిన మర్యాదలు బయటికొస్తాయి. బావమరుదుల మధ్య అయితే మరీ తొందరగా వస్తాయి.

చిక్కు పడగానే ఇద్దరూ చుట్టడం ఆపాలి. చుట్టేకొద్దీ ముడి బిగుసుకుంటుంది. ఒకరి దారం వదులు చేసి, రెండోవారు నెమ్మదిగా ఒడ్డుకు లాగాలి. రెండు నిమిషాలు విప్పి చూడాలి. విడకపోతే కత్తిరించేయాలి. నాలుగు బారల నైలాన్ దారం ఖరీదు ఎంత? కోసిన దారం మాత్రం జేబులో వేసుకుని ఇంటికి తేవాలి. ఇసుకలో వదిలేస్తే పక్షుల కాళ్లకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుంటుంది.

తప్పెవరిదో తేల్చే పని పెట్టుకోకండి. మీ బృందానికి ఈ ఒక్క అలవాటు పట్టుబడిందా, ఇంట్లో గ్లాసు పగిలినప్పుడు, కారుకు గీత పడ్డప్పుడు కూడా ముందు చీపురు, తర్వాత మాట అనే క్రమం వస్తుంది.

ఖాళీ సమయమే అసలు సరుకు

గాలం వేశాక చాలాసేపు ఏమీ జరగదు. ఈ ఏమీ జరగని సమయాన్ని చాలామంది ఫోన్‌తో నింపేస్తారు. అక్కడే మోసపోతారు.

ఎదురెదురుగా కూర్చుని "నీతో మాట్లాడాలి" అంటే ఎవరైనా బిగుసుకుపోతారు. పక్కపక్కన నిలబడి, ఇద్దరి చూపూ నీళ్ల మీద, చేతులకు ఏదో పని ఉంటే మాట దానంతటదే జారుతుంది. కాలేజీ మారాలనుకుంటున్న కొడుకు, ఉద్యోగం పోయిన స్నేహితుడు, రిటైరయ్యాక ఏం తోచక విసుక్కుంటున్న నాన్న ఇంట్లో నోరు విప్పరు. ఇక్కడ ఎర మార్చుకుంటూ సగం మాట అంటారు. ఆ సగం మాట విన్నప్పుడు మీ తల అటు తిప్పకండి, సలహా ఇవ్వకండి. "ఊఁ" అనండి. మిగతా సగం వస్తుంది.

సలహాలు ఇవ్వాలనే దురద అనుభవజ్ఞులకే ఎక్కువ. గంటకు ఒక కిటుకు చెప్పడం చాలు. ముడి వేయడం నేర్పాలంటే ఒక్క ముడే నేర్పండి, వాళ్లచేత మూడుసార్లు వేయించండి. మీ దగ్గరున్న రీళ్ల ఖరీదులు, పోయినేడు పట్టిన చేపల బరువులు ఎవరూ అడగలేదు.

ఫోన్ల విషయంలో ఒకటే ఏర్పాటు. ఒక ఫోన్ బయట, వాటర్‌ప్రూఫ్ సంచిలో, ఫొటోలకీ అత్యవసరానికీ. మిగతావి కారులో.

ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

ముందే హద్దు గీసుకోండి. ఈ పూట కూరకు ఎన్ని కావాలో అన్నే. అరచేయంత చేపలు నీళ్లలోకి. తడి చేత్తో పట్టుకోవాలి. పొడి చేత్తో పట్టినా, వేడి ఇసుకలో పొర్లించినా ఒంటి మీది జిగురు పొర పోయి చేప తర్వాత చచ్చిపోవచ్చు.

చిన్నవి వదలడం అందరికీ అర్థమవుతుంది. మరీ పెద్దవి వదలడం అర్థం కాదు. పండుగప్ప సంగతి వినండి. అది పుట్టి పెరిగేటప్పుడు మగది. కొన్నేళ్లు గడిచి ఒళ్లు చేశాక ఆడదిగా మారుతుంది. అంటే భారీ పండుగప్పల్లో ఎక్కువ భాగం గుడ్లు పెట్టే తల్లులే. బరువు చూసి సంబరపడి అలాంటిదాన్ని ఇంటికి తెస్తే ఆ మొగలో రేపటి చేపల్ని తెచ్చుకున్నట్టే.

టెక్సస్‌లో స్థిరపడ్డ మనవాళ్లు సెలవు దొరికితే గాల్వెస్టన్ తీరానికి గాలాలు పట్టుకుని వెళ్తుంటారు. అక్కడ ఇది చట్టం. రెడ్ డ్రమ్ అనే చేప 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే సాధారణంగా ఉంచుకోవాలి. చిన్నదీ వదలాలి, పెద్దదీ వదలాలి. మనిషికి రోజుకు 3. పదిహేడేళ్లు నిండినవాళ్లకు ఉప్పునీటి వేటకు లైసెన్సు ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు చూసుకోవాలి. అక్కడ పెరిగే పిల్లలు కొలబద్ద పట్టుకుని, "నాన్నా, అర అంగుళం ఎక్కువుంది, వదిలేయ్" అంటారు. చూసేవాళ్లు ఎవరూ లేనిచోట నాన్న ఆ చేపను వదిలాడా, బాక్సులో వేశాడా అన్నది పిల్లలు జన్మలో మర్చిపోరు. నిజాయితీ పాఠం అరగంట ఉపన్యాసంలో దిగదు, ఆ అర అంగుళంలో దిగుతుంది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. బతుకుతెరువుకు వేట చేసేవాళ్లే ఆగుతున్నప్పుడు సరదాకు పడవ అడగడం భావ్యం కాదు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొస్తాయి. ఆ రాత్రులు ఇసుక మీద టార్చిలైట్లు తిప్పకండి.

మత్స్యకారుల దగ్గర మర్యాద ఇంకొకటి ఉంది. అలివి వల లాగుతున్నచోట గాలం వేయకూడదు. ఎర రొయ్యలు ఒడ్డున అమ్మే అమ్మల దగ్గరే కొనండి. మీకు నాలుగు చేపలు ఎక్కువ పడితే ఇరుగుపొరుగుకు పంచండి, వాళ్ల పక్కన పెట్టి అమ్మకండి. మన సరదా వాళ్ల పూటకు అడ్డం రాకూడదు.

జాగ్రత్త అనేది ప్రేమకు పని రూపం

'జాగ్రత్త' అని పదిసార్లు అనడం కంటే పది పనులు చేయడం మేలు.

• రాళ్ల మీదికి ఎక్కేముందు పావుగంట నిలబడి అలల్ని చూడండి. తడిసి నల్లగా ఉన్న రాయి దాకా అల వస్తుందని అర్థం. సముద్రానికి వీపు పెట్టకండి.

• పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అందరికీ, ఒంటి మీదే. ఈతగాళ్లకు కూడా. అనుమతి ఉన్న పడవే ఎక్కండి.

• గాలం విసిరేముందు ప్రతిసారీ వెనక్కి చూడండి. పిల్లలు అక్కడే ఉంటారు. గాలం మొన వెనకుండే ఎదురు ముల్లును పటకారుతో ముందే నొక్కేస్తే వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది.

• సముద్రపు జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి విషపు ముళ్లుంటాయి. చేత్తో పట్టకండి. లోతు తక్కువ నీళ్లలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడిస్తే ఇసుకలో దాగిన టేకు చేప తప్పుకుంటుంది. ముల్లు దిగితే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి, వెంటనే ఆస్పత్రికి.

• బంతిలా ఉబ్బే చేపను వండినా విషం పోదు. పేరు తెలియని చేపను తినకండి.

• పట్టిన చేపను అప్పటికప్పుడు ఐసులో పెట్టండి. కానాగంత లాంటివి ఎండలో ఉంటే పుట్టే విషం పొయ్యి మీద కూడా చావదు.

• ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, ఐస్ బాక్సు, తాడు, ఏది దొరికితే అది విసరండి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కినవాళ్లు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. కోస్ట్‌గార్డ్ సాయానికి 1554.

ఈ పనులు మనిషికొకటి పంచండి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టేది ఒకరు, మందుల పెట్టె ఒకరిది, ఐసు ఒకరిది. బాధ్యత ఉన్నవాళ్లు తాము వెంట వచ్చిన అతిథులం అనుకోరు.

ఇంటికొచ్చాక అరగంట

రాడ్లూ రీళ్లూ ఉప్పు పట్టి తుప్పెక్కకుండా మంచినీళ్లతో కడగాలి. అందరూ కలిసి కడిగితే పావుగంట పని. ఆ పావుగంటలోనే కథలు పుడతాయి. కథ చెప్పేటప్పుడు ఒక సూత్రం పాటించండి: మీ చేప గురించి ఇతరులను చెప్పనివ్వండి, ఇతరుల చేప గురించి మీరు చెప్పండి. "మా అత్తయ్య వేసిన ఎరకే పడింది తెలుసా" అని పదిమంది ముందు అంటే అత్తయ్యకు కలిగే సంతోషం ఏ కూరతోనూ రాదు. ఏమీ పడనివాళ్లను వెక్కిరించకండి. పదిమంది నవ్వే జోకు వల్ల ఒకరు రావడం మానేస్తే ఆ జోకు ఖరీదెక్కువ.

ఇక బయల్దేరడమే మిగిలింది. ఈ నెల అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో క్యాలెండర్‌లో చూసి, దానికి దగ్గర్లో నీరు పొద్దున్నే తీసే ఆదివారం ఒకటి ఎంచుకోండి. నలుగురు చాలు. ఆ నలుగురిలో బాగా వేట తెలిసినవాళ్లు ఒకరుంటే సరిపోతుంది. రెండో మనిషిగా, ఈమధ్య మీకు మాట తగ్గిన ఒకరిని పిలవండి. తమ్ముడో, చిన్ననాటి స్నేహితుడో, పెళ్లయి దూరమైన కూతురో. "వీలుంటే రా" అనకండి, ఆ మాటకు "చూద్దాంలే" అనే జవాబే వస్తుంది. "ఆదివారం ఐదింటికి మీ ఇంటి ముందు హారన్ కొడతాను, ఎర రొయ్యలు తెచ్చే బాధ్యత నీది" అనండి. పని అప్పజెప్పి పిలిస్తే రాకుండా ఉండటం కష్టం.